బొమ్మ కత్తి

ఆ ఏడు సురో నెలలో మా ఇంటికి వచ్చినన్ని కత్తులు అంతకు ముందు ఏ ఏడూ రాలేదు. మామూలుగా సురో, అంటే మా పంచాంగంలో మొదటి నెల, వచ్చిందంటే జనం ఇంట్లో ఉన్న కెరిస్ బాకును కడిగించుకోవడానికి తెస్తారు. ఏడాదికోసారి తాతల కత్తికి స్నానం చేయించి, మల్లెపూలు పెట్టి, మళ్ళీ ఒరలో దోపి తీసుకుపోతారు. ఆ ఏడు కడిగించుకున్నవాళ్ళలో సగం మంది తిరిగి తీసుకుపోలేదు. డాలరు రేటు ఆకాశానికి అంటింది. బియ్యం ధర కొండెక్కింది. కార్ఖానాలు ఒక్కొక్కటే తాళాలు వేసుకున్నాయి. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు కూడా కత్తిని మా అన్నయ్య ముందు పెట్టి, తల వంచుకుని, "ఎవరిదైనా మంచి చెయ్యి ఉంటే చూడు నాయనా" అనేవాళ్ళు.

మా కోటగెడెలో కత్తిని అమ్మారనరు, ఇచ్చారంటారు. ధర అనరు, ఓలి అంటారు, పెళ్ళికూతురికి ఇచ్చినట్టు. మాట ఎంత మర్యాదగా ఉందో చూడండి. ఆ మర్యాద వెనకాల ఏం జరిగేదో నేను దగ్గరుండి చూశాను. చూడటమే కాదు, అందులో నా చెయ్యీ ఉంది.

ముందుగది మా అన్నయ్య ప్రముజిది. ఏ కత్తి ఏ కాలానిది, ఏ సీమ కమ్మరి చేతిది అని చెప్పి, చీటీ రాసి, కింద వంకర్లు తిరిగిన సంతకం పెట్టేవాడు. వెనక బావిగట్టు నాది. కొబ్బరినీళ్ళలో నానబెట్టడం, కుంకుడు రసంతో తుప్పు తోమడం, పాషాణం అనే విషం కలిపిన నిమ్మరసం కుంచెతో పట్టించడం నా పని. ఆ రసం తగిలితే ఇనుము నల్లబడి, దానిలో మడతలు పెట్టి కొట్టిన తెల్లలోహం చారలు చారలుగా పైకి తేలుతుంది. అప్పుడు కత్తి మాట్లాడుతుంది. దాని మాట మా ఇంట్లో ఇద్దరికే వినిపించేది. ఒకరు నాన్న, ఆయన చూపు అప్పటికే మసకబారిపోయింది. రెండో మనిషిని నేను. అన్నయ్యకు కత్తి చదవడం రాదు. ఎన్నేళ్ళు నేర్పినా రాలేదు.

పళ్ళెంలో కత్తి పెట్టుకుని నడవలోకి వెళ్ళి, అన్నయ్య చేతికి అందిస్తూ రెండు ముక్కలు చెప్పేదాన్ని. "తుబన్ సీమది, పాతది, పిడి లోపలి తోక మార్చారు." వాడు ముందుగదిలోకి వెళ్ళి, కత్తిని నుదుటికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఏదో లోకంలోకి వెళ్ళొచ్చినట్టు కాసేపు ఉండి అదే చెప్పేవాడు. పన్నెండేళ్ళు అలా నడిచింది. ఏర్పాటు నాన్నదే. "నీ నోటితో చెబితే ఎవరు వింటారమ్మా రుమీ, వాడి నోటితో వెళితే ఇల్లు గడుస్తుంది" అన్నాడు. ఇల్లు గడిచింది.

సాదినెమ్ అవ్వ వచ్చింది సురో నెల మొదటి వారంలో. ముందు గుమ్మం నుంచి కాదు, వంటింటి వైపు నుంచి. ఆవిడ సోయాగింజలు పులియబెట్టి ఆకుల్లో కట్టే టెంపె అమ్ముతుంది. పాతికేళ్ళుగా మా వీధిలో ఆవిడ టెంపె తినని ఇల్లు లేదు. బుట్ట దించి, టెంపె పొట్లాలు పక్కకు జరిపి, అడుగు నుంచి పాత పంచెగుడ్డలో చుట్టిన జానెడు కత్తి తీసింది.

"కడిగి పెట్టమ్మా. మాసిన మొహంతో పెళ్ళిచూపులకు కూర్చోబెట్టకూడదు కదా" అంది.

"ఇచ్చేస్తున్నావా అవ్వా?"

"ఇవ్వకేం చెయ్యను? సోయాగింజలు ఓడల్లో వస్తాయిట, డాలర్లు పోసి కొంటారుట. నా టెంపె చూడు. అరచెయ్యంత ఉండేది బొటనవేలంత అయింది. నిన్న పొగాకు దుకాణం వాడు అంటాడు, అవ్వా ఇది కూరకా, పంటి సందులోకా అని."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఒక బస్తా గింజలు దొరికితే మళ్ళీ నిలబడతాను. ఇది మా అమ్మమ్మది. మంత్రసాని ఆవిడ. కాన్పు కష్టమైతే దీన్ని నీళ్ళలో ముంచి ఆ నీళ్ళు తల్లి నుదుటికి రాసేది. తర్వాత మా అమ్మ. నాకు ఆ పని చేతకాలేదు. ఇప్పుడందరూ ఆసుపత్రికి పోతున్నారు, ఇది మాత్రం పెట్టెలో పడుకుని ఏం చేస్తుంది."

రెండు రోజులు కొబ్బరినీళ్ళలో నానబెట్టి, మూడో రోజు పొద్దున తోమాను. వంపులు లేని నిటారు కత్తి. చారలు కూడా పెద్దగా లేవు. అందం కోసం చూసేవాడు పక్కన పెట్టేస్తాడు. కాని నిమ్మరసం పట్టాక, రెండు వైపులా వరసగా గుంతలు తేలాయి. వేలితో నొక్కినట్టు. నా బొటనవేలు ఒక గుంతలో పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది. పిడి ఊడదీస్తే, లోపలి తోకకు చివర చిన్న చిల్లు. గోటితో మీటాను. పలచగా, పొడుగ్గా మోగి, చాలాసేపటికి ఆగింది.

పూర్వం పడమటి రాజ్యంలో సోంబ్రో అనే ముసలి కమ్మరిణి ఉండేదని, కాలిన ఇనుమును సుత్తి లేకుండా వేళ్ళతోనే నొక్కి కత్తి చేసేదని పెద్దలు చెబుతారు. నిజమో కథో నాకు తెలియదు. ఆ వేలిగుంతల పొట్టి కత్తులు మాత్రం నిజం. నా జన్మలో అప్పటికి ఒక్కటే చూశాను. నైవేద్యాల్లో పెట్టే బొమ్మ కత్తులు కూడా దాదాపు అంతే పొట్టిగా, అంతే మొరటుగా ఉంటాయి. తెలియనివాడు రెంటినీ ఒకటే అనుకుంటాడు.

అరుగు మీద కూర్చున్న నాన్న, "ఏమిటే ఆ మోత?" అన్నాడు.

చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమాడు. ఒక్కో గుంత తడుముతుంటే ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా అయిపోయింది. "ఆడదాని చెయ్యి" అన్నాడు, అంతే.

ఆ మధ్యాహ్నం ముందుగదిలో విర్యాత్మోగారు ఉన్నారు. బట్టల వ్యాపారంలో సంపాదించి, ఇప్పుడు కత్తులు కూడబెడుతున్న మనిషి. ఆయన దగ్గర మూడు వందల కత్తులున్నాయని చెప్పుకునేవాళ్ళు. సురో మొదలైన దగ్గర్నుంచి రోజూ వచ్చి కూర్చునేవాడు. ఊరికే కాలక్షేపానికి వస్తున్నాడనుకునేదాన్ని. సాదినెమ్ అవ్వ చాప అంచున కూర్చుని ఉంది, చెప్పులు బయట విడిచి.

నడవలో అన్నయ్యకు పళ్ళెం అందించాను. "సోంబ్రో. అసలుది. జాగ్రత్తగా పట్టుకో" అన్నాను. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. తల ఊపి లోపలికి వెళ్ళాడు. నేను తెర వెనక నిలబడ్డాను.

వాడు కత్తి నుదుటికి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

"అవ్వా, నీకు అబద్ధం చెప్పలేను. ఇది బొమ్మ కత్తి. పంట నైవేద్యంలో పెడతారు చూడు, అది. సంతలో కమ్మరి రోజుకు నాలుగు చేస్తాడు."

అవ్వ చాప అంచు నుంచి ముందుకు జరిగింది.

"మా అమ్మమ్మ..." అంది.

"అమ్మమ్మల నమ్మకం వేరవ్వా. ఇనుము వేరు."

విర్యాత్మోగారు గొంతు సవరించుకున్నాడు. "పోనీలే ప్రముజీ. పెద్దావిడ. ఉత్త చేతులతో పంపితే పాపం. మా మనవడు ఆడుకుంటాడు, నేను తీసుకుంటాను. ఒక బస్తా గింజలకు సరిపడా ఇస్తాను."

అప్పుడు అవ్వ తెర వైపు చూసింది. తెర పలచనిది. నేనున్నానని ఆవిడకు తెలుసు.

"కడిగిన పిల్ల ఏమంటుంది?" అని అడిగింది.

అన్నయ్య నవ్వాడు. "దానికేం తెలుసవ్వా. తోమడం దాని పని."

ఒక్క మాట. తెర తీసి "కాదు" అంటే చాలు. నా నాలుక పైకి లేవలేదు. పన్నెండేళ్ళు నడవలో గుసగుసలాడిన గొంతు ముందుగదిలో ఎలా పలకాలో దానికే తెలియలేదు. ఇది సాకు కాదు. జరిగింది చెబుతున్నాను. అవ్వ కాసేపు చూసి, తల తిప్పుకుని, డబ్బు కొంగున కట్టుకుంది. కత్తిని రెండు చేతులతో ఎత్తి విర్యాత్మోగారికి ఇస్తూ, "దీనికి మల్లెలు ఇష్టం" అని చెప్పి వెళ్ళిపోయింది.

బండి వెళ్ళిన చప్పుడు వినగానే నేను ముందుగదిలోకి వెళ్ళాను.

"సోంబ్రో అని చెప్పాను నీకు."

"విన్నాను."

"మరి?"

"మరి ఏమిటి?" అన్నాడు అన్నయ్య, చీటీల పుస్తకం సర్దుకుంటూ. "నిజం చెబితే ఆవిడేం చేసేది? ఇంకో దళారి దగ్గరికి పోయేది. వాడు ఇంకా తక్కువకి లాక్కునేవాడు. కనీసం గింజలు దొరికాయి కదా."

"ఇది మొదటిసారి కాదు కదూ?"

వాడు పుస్తకం మూశాడు. వంటింట్లోంచి వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడు తవ్వుకోవడమెందుకమ్మా? విర్యాత్మోగారి వాటా కాకపోతే ఆ బియ్యం ఎక్కడి నుంచి వస్తున్నాయనుకున్నావు? మామయ్య కళ్ళమందు ఎక్కడి నుంచి వస్తోంది? నీ కొబ్బరినీళ్ళలోంచా?"

"ఎన్ని?" అన్నాను అన్నయ్యతో.

"ఆరో, ఏడో."

ఆ రోజుల్లో నేను కడిగినవన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు కదిలాయి. పన్నెండు వంపుల కత్తి ఏదీ ఉండదు, ఎప్పుడూ బేసి లెక్కే. అలాంటి చిన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోలేని వీడికి నేను నడవలో చెప్పింది చెప్పినట్టే గుర్తుండేది, తలకిందులు చేసి చెప్పడానికి. నేను "చాలా పాతది" అన్నవన్నీ తెరకవతల "నిన్న మొన్నటిది" అయిపోయాయి. నేను ఎంత బాగా చదివితే ఎదుటి మనిషి అంత బాగా మునిగాడు. కొత్తది, విలువ లేనిది అని నేను చెప్పినవాళ్ళే బాగుపడ్డారు, కత్తి ఇంటికి తీసుకుపోయారు కాబట్టి.

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాను.

"ఈ ఏడు అందరూ మునుగుతున్నారే. మునిగేవాడు పక్కవాడి భుజం ఎక్కక మానడు. నువ్వు మాత్రం మా భుజం ఎక్కి కూర్చుని తీర్పులు చెప్పు."

నాన్న అరుగు మీద అన్నీ వింటున్నాడు. ఆయన వైపు తిరిగాను. "నువ్వైనా చెప్పవేం?"

"ఏం చెప్పనమ్మా" అన్నాడు.

నాకు అన్నయ్య మీద కన్నా ఆయన మీద కోపం వచ్చింది.

మర్నాటి నుంచి కడగడం కడిగాను గాని చెప్పడం మానేశాను. పళ్ళెం నడవలో పెట్టి వెళ్ళిపోయేదాన్ని. అన్నయ్య వెనకాలే వచ్చేవాడు. "ఒక్క మాట చెప్పవే. మజపహిట్ రాజుల కాలానిదా, మాతరాం కాలానిదా?" "తోమడం నా పని" అనేదాన్ని. మొదట తిట్టాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత తనే చదవడం మొదలుపెట్టాడు. మదుర ద్వీపంలో పోయిన ఏడు చేసి, ఆమ్లంలో ముంచి పాతదిగా చేసిన కత్తిని ఐదు వందల ఏళ్ళదని చీటీ రాసిచ్చాడు. ఆ కత్తి తెచ్చినవాడు నవ్వు ఆపుకోలేక చీటీ చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. తెర వెనక నాకూ నవ్వు వచ్చింది, కాని అది కడుపు చల్లబడే నవ్వు కాదు.

రేడియోలో రోజుకో వార్త. నగరాల్లో దుకాణాలు తగలబడుతున్నాయి. ఒక ఉదయం, దేశాన్ని ముప్ఫై రెండేళ్ళు ఏలిన పెద్దాయన దిగిపోయాడని చెప్పారు. వీధిలో పిల్లలు రేకు డబ్బాలు మోగించారు. వదిన గుమ్మంలో నిలబడి, "ఎవరు దిగితే మనకేం, వంటనూనె ధర దిగుతుందా" అంది. నేను తడిచేతులు తుడుచుకుని సాదినెమ్ అవ్వ ఇంటికి బయలుదేరాను. పెద్దాయన దిగినందుకు కాదు. అప్పటికి పదిహేను రోజులుగా రోజూ బయలుదేరి, రోజూ వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాను. ఆ రోజు మలుపు దాటాను.

ఆవిడ పెరట్లో ఉడికిన గింజలు కాళ్ళతో తొక్కి పొట్టు తీస్తోంది. చెప్పాను. ఏదీ దాచలేదు. ఆవిడ తొక్కడం ఆపలేదు.

"నీ అన్న దొంగని నాకు ఆ రోజే తెలుసు" అంది. "అబద్ధం చెప్పలేనని మొదలుపెట్టినవాడు నిజం చెప్పడు. ఆ లావుపాటాయన దొంగని కూడా తెలుసు. మనవడు ఆడుకునేదానికి ఎవడూ రెండు చేతులు చాపడు."

"మరి ఎందుకిచ్చావు అవ్వా?"

"కడిగిన పిల్ల కాదంటుందేమో అని చూశాను. అనలేదు. సరే, నిజంగా బొమ్మ కత్తేనేమో, మా అమ్మమ్మే పిచ్చిదేమో అనుకున్నాను." అప్పుడు ఆగింది. "నువ్వు వంటింటి వైపు మనిషివి అనుకున్నానమ్మా. నీ అన్న మీద నాకు కోపం లేదు. కుక్క కరుస్తుంది. నీ మీద ఉంది."

"నేనేం చెయ్యను చెప్పు."

"నన్నడుగుతావేం?" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

మా ఊళ్ళో ఐదు రోజులకోసారి లెగి సంత. ఆ తర్వాతి లెగి నాడు పొద్దున విర్యాత్మోగారింట్లో కత్తులు కూడబెట్టేవాళ్ళ సమావేశం. అవ్వ దగ్గర తీసుకున్న కత్తిని అందరికీ చూపించబోతున్నాడు, దాని గురించి అన్నయ్య మాట్లాడబోతున్నాడు. కడిగిన కత్తిని చెమట చేతులతో ముట్టుకోకూడదు, అందుకని పళ్ళెంలో పెట్టి ఒక్కొక్కరి ముందుకు తీసుకెళ్ళే మనిషి కావాలి. ఆ పనీ, ఆ పొద్దున కత్తికి మళ్ళీ పాషాణం రసం పట్టించే పనీ ఎప్పుడూ నావే.

"ఈ ఒక్కరోజు రా" అన్నాడు అన్నయ్య. "ఏమీ చెప్పక్కర్లేదు. నేనే మాట్లాడతాను."

"వస్తాను" అన్నాను. వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

నాలుగు వైపులా తెరిచి ఉన్న పెద్ద మండపం. ముప్ఫై మంది మగవాళ్ళు తలకు బాతిక్ పాగాలు చుట్టుకుని, నడుము వెనక కెరిస్‌లు దోపుకుని చాపల మీద వరసగా కూర్చున్నారు. బెల్లం టీ, ఆవిరి కుడుములు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా నాన్న నోటా నా నోటా సోంబ్రో గురించి విన్న ముక్కలన్నీ వరసగా చెప్పాడు. వేలిగుంతలు, తోకకు చిల్లు, ఇనుము మోత. బాగా చెప్పాడు. ఆ తర్వాత, "ఇది జొగ్జా రాజబంధువుల ఇంట ఏడు తరాలుగా పూజలందుకున్న కత్తి" అన్నాడు. జనం ఆహా అన్నారు.

నేను అప్పటికి పళ్ళెంతో వరస సగం దాకా వచ్చాను.

"అది సంతలో టెంపె అమ్మే సాదినెమ్ అవ్వ కత్తి" అన్నాను.

పెద్దగా అనలేదు. మండపంలో గాలి కూడా లేదు కాబట్టి అందరికీ వినిపించింది. "వాళ్ళ అమ్మమ్మ మంత్రసాని. ఈ సురో మొదటి వారంలో మా ఇంట్లో మా అన్న దీన్ని బొమ్మ కత్తి అని చెప్పి ఒక బస్తా గింజలకు ఇప్పించాడు. ఈయన పక్కనే ఉన్నాడు. దీన్ని చదివింది నేను. పన్నెండేళ్ళుగా మీ అందరి కత్తులూ చదివింది నేనే."

అన్నయ్య మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది. ముందుగా తేరుకున్నది విర్యాత్మోగారు. టీ గ్లాసు దించి నవ్వాడు.

"అయితే కత్తి అసలుదే కదా అమ్మాయీ. నాకదే కావాలి. ముసలావిడ తన చేత్తో ఇచ్చింది, ఓలి తీసుకుంది. పెళ్ళి అయిపోయాక వరుడి గురించి గొడవేమిటి?"

కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళు అన్నయ్య వైపు చూస్తున్నారు. ఆ చూపు నాకు అర్థమైంది. ముసలావిడను ముంచాడని కాదు వాళ్ళ బాధ. పన్నెండేళ్ళుగా తమ దగ్గరున్న చీటీలన్నీ బావిగట్టున తోముకునే ఆడదాని మాటలని. ఒకాయన పక్కాయనతో మెల్లగా, "అంటే నా కత్తికి చీటీ ఇచ్చింది కూడా ఇదేనా?" అన్నాడు. అవ్వ పేరు ఆ మండపంలో ఒక్కరి నోటా రాలేదు.

పళ్ళెం నా చేతుల్లోనే ఉంది. వరసలో మిగిలినవాళ్ళ ముందుకు దాన్ని ఒక్కొక్కరికీ చూపిస్తూ నడిచాను. చివరి మనిషి చూశాడు. ఆయన పక్కన మెట్లున్నాయి. నేను వెనక్కి తిరగలేదు. మెట్లు దిగాను.

"ఏయ్ రుమీ" అన్నాడు అన్నయ్య.

పాషాణం పట్టించి ఇంకా ఆరని కత్తి పట్టుకున్న మనిషిని ఆపడానికి నడుము వెనక కత్తులున్న ముప్ఫై మందిలో ఒక్కడూ లేవలేదు. గేటు దగ్గర డ్రైవరు నన్ను చూసి, అలవాటు కొద్దీ గేటు తీశాడు.

సంతలో అవ్వ బుట్ట ముందు కూర్చుని ఉంది. పళ్ళెం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కత్తిని చూసింది. నన్ను చూసింది. కత్తిని టెంపె ఆకులో చుట్టి నడుము గుడ్డలో దోపుకుని, పక్కన కోళ్ళు అమ్మే ఆవిడతో, "ఈ పూటకి నా సరుకు కూడా చూసుకో" అని లేచింది. కాని వెళ్ళిపోలేదు. నా వైపు తిరిగి, "ఆయన గింజలు నేను తిన్నాను. ఊరికే పుచ్చుకుంటే నేనూ ఆయన లాంటిదాన్నే అవుతాను" అంది.

మర్నాడు తెల్లవారాక విర్యాత్మోగారి గేటు ముందు అవ్వ నిలబడింది. పది టెంపె పొట్లాలు డ్రైవరు చేతిలో పెట్టి, వీధి వీధంతా వినేటట్టు, "బొమ్మ కత్తి బాకీ, మొదటి రోజు" అని చెప్పి వచ్చింది. రెండో రోజు మళ్ళీ. ఆ వీధిలో జనం పొద్దున్నే చీపుళ్ళు పట్టుకుని వాకిళ్ళలోకి రావడం మొదలుపెట్టారు, ఊడ్చిందే ఊడుస్తూ. పోలీసులకు చెబుతానని విర్యాత్మోగారు కబురు పంపాడట. చెప్పాలంటే కత్తి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి కదా. చెప్పలేదు.

మా ఇంట్లో సమావేశం రోజే నాకు తలుపులు మూసుకుపోయాయి. సంత నుంచి వచ్చేసరికి నా బట్టల మూట, కుంచెలు, రాతిగిన్నెలు వాకిట్లో ఉన్నాయి. వదిన తలుపు సందులోంచి చూస్తోంది. అన్నయ్య కేకలు వెయ్యలేదు. ఏడుస్తున్నాడు. "నా నోట్లో మట్టి కొట్టావే. రేపటి నుంచి ఆ గదిలోకి ఎవడొస్తాడు?" అన్నాడు. వాడి మీద జాలి పడాలని చూశాను. రాలేదు. ఆ ఆరేడు మంది మొహాలు అడ్డం వచ్చాయి, వాళ్ళలో ఇద్దరి ఊరు కూడా నాకు తెలియదు.

మూట ఎత్తుకుంటుంటే అరుగు మీద నుంచి నాన్న గోడ పట్టుకుని లేచాడు. కర్ర వెతుక్కున్నాడు.

"నువ్వెక్కడికి నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"చదివే మనిషి వెళ్ళిపోతుంటే నేనిక్కడ కూర్చుని ఏం వినను?" అన్నాడు. వాకిలి దాటాక, నా భుజం పట్టుకుని నడుస్తూ, "నేను పెట్టిన ఏర్పాటే అది" అన్నాడు. అవునన్నాను. ఊరడించలేదు. వెండిపని వాళ్ళ వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. బావి ఉంది. సురో ముగిసేలోపు నలుగురు కత్తులు తెచ్చారు. పాత చీటీలు తెచ్చి చదివి చూడమన్నవాళ్ళు ఇంకో నలుగురు. చీటీ మీద మొదటిసారి నా పేరు రాసి, దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను, సంబరంతో కాదు. ఇంత తేలికా అని.

అవ్వ బాకీ తీరడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. చివరి రోజు నన్ను కూడా రమ్మంది. గేటు ముందు ఎప్పటికన్నా ఎక్కువ చీపుళ్ళున్నాయి. ఆ రోజు డ్రైవరు కాదు, విర్యాత్మోగారే వచ్చాడు. మనిషి చిక్కాడు. పొట్లాలు తనే అందుకున్నాడు.

"అయిపోయింది కదా పెద్దమ్మా. ఇక ఈ గొడవ ఆపెయ్యండి" అన్నాడు.

"నా బాకీ అయిపోయింది. మీ బాకీ ఉంది" అంది అవ్వ.

"ఏం కావాలి?"

"మా అమ్మమ్మ కత్తి బొమ్మ కత్తి కాదని చెప్పండి."

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. పొట్లాల్లోంచి నీరు కారి చొక్కా తడుస్తోంది. పెదాలు కదిలించాడు.

"వినపడలేదు" అంది అవ్వ.

"బొమ్మ కత్తి కాదు" అన్నాడు విర్యాత్మోగారు. ఈసారి వీధి చివర పాలవాడికి కూడా వినిపించింది.

అవ్వ తల ఊపి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టింది. నేను పక్కన నడిచాను. సంత దగ్గర పడ్డాక నా వైపు చూడకుండానే, "మూడే మాటలు. అంత లావు మనిషి, అంత డబ్బున్నవాడు, అతగాడి నోరే పలికింది" అంది. "ఆ రోజు నువ్వు ఒక్క మాట అనలేకపోయావు."

ఆవిడ చంకలోంచి బుట్ట తీసుకున్నాను. ఇచ్చింది.